సున్నుండ గారి సంచార వనం

మా పులగలేరు పురపాలక సంఘానికి, పచ్చటి ఊళ్ళకిచ్చే హరిత కిరీటం అనే బహుమతి మీద మోజు ఎందుకు పుట్టిందో నాకు సరిగ్గా తెలియదు. పక్క ఊరికి ఆ కిరీటం వచ్చిందని మాత్రం తెలుసు. పక్క ఊరికి వచ్చింది మనకెందుకు రాదన్న ప్రశ్నకి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేకపోయారు గనక, సంఘం వారు సమావేశమై ఒక నిబంధన చేశారు.

"పురపాలక పరిధిలో ఏ మొక్కకు చెందిన ఏ భాగాన్నయినా, ఎవరూ, ఏ కారణం చేతనూ, ఎక్కడి నుంచీ తొలగించరాదు."

ఆకు తుంచిన చెయ్యి కొమ్మ విరుస్తుంది, కొమ్మ విరిచిన చెయ్యి చెట్టు నరుకుతుంది, కాబట్టి చేతిని ఆకు దగ్గరే ఆపాలన్నది కమిషనరు దక్షిణామూర్తి గారి సిద్ధాంతం. సభ్యులందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినప్పుడు వాళ్ళ చేతులు ఆకుకి దూరంగానే ఉన్నాయి.

మర్నాటి నుంచి ఊరు కొత్త దారిన పడింది. పెరట్లో కరివేపాకు చెట్టున్న ఇల్లాళ్ళు పోపు గరిటె పట్టుకుని చెట్టు కింద నిలబడి, ఆకు దానంతటది రాలి అందులో పడేదాకా ఎదురుచూశారు. రాలిన ఆకుల్ని కూడా ఎక్కడి నుంచీ తొలగించకూడదు గనక వీధులు ఊడవడం మానేశారు. పెళ్ళివారు మామిడాకుల తోరణాలు నా దుకాణంలో ఫ్లెక్సీ మీద అచ్చు వేయించుకున్నారు. ఒక విందులో కమిషనరు గారి పంటి సందున గోంగూర పీచు ఇరుక్కుంటే, ఆయన దాన్ని నాలుకతో కూడా కదపలేదని, అంతటి నిష్ఠాపరుడని గొప్పగా చెప్పుకున్నారు.

నేను ఇవన్నీ విని నవ్వాను. ఫ్లెక్సీలు అచ్చు వేసేవాణ్ణి, నాకు గిరాకీ కూడా పెరిగింది. తనదాకా వస్తేగాని తత్త్వం బోధపడదంటారు. నాదాకా అది నాలుగు కాళ్ళ మీద వచ్చింది.

సున్నుండ మా కుక్క. ఇంటికి వచ్చిననాడు గుండ్రంగా, వేయించిన మినప్పిండి రంగులో ఉన్నాడని నా భార్య భూలక్ష్మి ఆ పేరు పెట్టింది. మాకు పిల్లలు లేరు. అందుకని వాణ్ణి 'వాడు' అంటాం. ఎవరైనా 'అది' అంటే భూలక్ష్మి వాళ్ళకి ఇచ్చే కాఫీలో పంచదార తగ్గిపోతుంది.

వాడొక ఉదయం ముంగిసని తరుముకుంటూ కాలవగట్టు మీదున్న జీవవైవిధ్య వనంలోకి దూరాడు. నిబంధనకి ముందు దాని పేరు తుప్పలు. కలుపు తియ్యకూడదు గనక దూలగొండి తీగ గట్టంతా అల్లుకుపోయి, కాయలు గుత్తులుగా వేలాడుతోంది. దూలగొండినే కొందరు దురదగొండి అంటారు. ఆ కాయ మీద గోధుమరంగు నూగు ఉంటుంది. అది చర్మానికి తగిలిందంటే మనిషికి మర్యాద గుర్తుండదు.

సున్నుండ ముంగిస లేకుండా, ఒళ్ళంతా నూగుతో తిరిగి వచ్చాడు. గోడకి రాసుకున్నాడు, గుమ్మానికి రాసుకున్నాడు, వెల్లకిలా పడి గిలగిల్లాడాడు. చెవి వెనక గోళ్ళతో గీక్కుంటే రక్తం వచ్చింది. వాడు కుయ్యిమంటూ భూలక్ష్మి వైపు చూశాడు.

దీనికి మందు ఊళ్ళో అందరికీ తెలిసిందే. గేదె పేడ పల్చగా కలిపి పట్టించాలి, ఆరనివ్వాలి, పెచ్చులుగా ఊడదీస్తే నూగంతా దాంతో వచ్చేస్తుంది. ఆ తర్వాత సబ్బునీళ్ళు. ఊరికే నీళ్ళు పోసి రుద్దితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది. భూలక్ష్మి చేతులకి ఫ్లెక్సీ ముక్కలు చుట్టుకుని, పేడ కలుపుకుని వాకిట్లోకి వచ్చేసరికి వీధిలోంచి ఈల వినిపించింది.

హరిత రక్షకుడు నూకరాజు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆకుపచ్చ టోపీ, మెడలో ఈల, సంఘం వారిచ్చిన అధికారం, మూడూ వాడికి కొత్తే.

"ఆపండమ్మా! ఏం చేత్తన్నారు?"

"కనపట్టంలా? దూలగొండి పట్టింది. పేడ రాత్తన్నా."

"రాత్తే ఏవవుద్దండి?"

"నూగు ఊడొత్తాది."

"నూగు దేనిదండి?"

"దూలగొండిది."

"దూలగొండి మొక్కే కదండీ?" అన్నాడు నూకరాజు, దొంగ దొరికినంత సంతోషంగా. "మొక్కకి చెందిన భాగం, ఎక్కడి నుంచీ తియ్యకూడదండి. ఆయ్. తీత్తే, తీసిన స్థలాన్ని స్వాధీనం చేసుకోమని ఆర్డరండి."

"స్థలమేంట్రా, వాడు మా కుక్క!"

"మీకు కుక్కేనండి. ఆర్డర్లో స్థలమండి."

సంఘం స్వాధీనం చేసుకున్నవన్నీ గోడౌను వెనక రేకుల షెడ్డులో పెట్టి తాళం వేస్తారు. అక్కడికి వెళ్ళిన తోపుడుబళ్ళలో ఒక్కటీ ఇంతవరకు తిరిగి రాలేదు. బండి అయితే తుప్పు పడుతుంది. కుక్క సంగతి తలుచుకుని భూలక్ష్మి పేడ బకెట్టు కింద పెట్టేసింది. నూకరాజు సున్నుండని నాలుగు వైపులా ఫోటోలు తీసుకుని, రోజూ పొద్దున్నే వచ్చి నూగు తగ్గలేదని సరిచూసుకుంటానని చెప్పి, మా అరుగు మీదే కూర్చున్నాడు.

పశువుల డాక్టరు ఇమ్మానుయేలు గారి దగ్గరికి తీసుకెళ్ళాం. వెనకే నూకరాజు. డాక్టరు గారు సున్నుండని చూసి, నా చెవి దగ్గరికి వంగి మెల్లిగా చెప్పారు.

"పేడ పట్టించి కడిగెయ్యండి. ఇలాగే వదిలేస్తే గోక్కుని గోక్కుని పుళ్ళు పడతాయి, చీము పట్టిందంటే ప్రాణం మీదకొస్తుంది. ఈ మాట నేనన్నట్టు ఎక్కడా అనకండి."

తర్వాత గుమ్మం వైపు తిరిగి గట్టిగా అన్నారు. "నూగు జోలికి పోకుండా కుక్కని మాత్రం శుభ్రంగా కడగండి!"

వాడు ఒళ్ళు చీరుకోకుండా నా పాత మేజోళ్ళు నాలుగు కాళ్ళకీ తొడిగాం. అన్నం ముట్టలేదు. నేను కమిషనరు గారి దగ్గరికి పరిగెత్తాను.

దక్షిణామూర్తి గారు మంచి మనిషి. కూర్చోమన్నారు. హరిత విభాగం అధికారిణి సుభాషిణి గారిని కూడా పిలిపించారు. నేను చెప్పింది ఇద్దరూ కళ్ళు మూసుకుని విన్నారు.

"బుల్లబ్బాయి గారూ, మీ ఆవేదన మాకు అర్థమైంది. దాన్ని పరిగణనలోకి తీసుకున్నాం," అన్నారు కమిషనరు గారు. "అయితే నిబంధనలో 'ఎక్కడి నుంచీ' అన్న మాట ఉంది. కుక్క నుంచి మినహా అని లేదు."

"నిబంధన రాసేటప్పుడు కుక్క మీద మొక్క ఉంటుందని ఎవరూ అనుకోలేదు కదండీ."

"అనుకోనివి కూడా వర్తించడమే మంచి నిబంధన లక్షణం," అన్నారు సుభాషిణి గారు.

"మరి మీకు దూలగొండి తగిలితే ఏం చేస్తారండీ?"

"పేడ రాసుకుంటాం," అన్నారు కమిషనరు గారు అలవాటుగా. ఆ వెంటనే సర్దుకున్నారు. "అంటే, పూర్వం రాసుకునేవాళ్ళం. ఇప్పుడు గౌరవిస్తాం. మీ కుక్కని స్థల పరిశీలన చెయ్యందే ఏమీ చెప్పలేం."

ఆ మధ్యాహ్నమే పరిశీలన బృందం టేపూ కెమెరా పట్టుకుని మా వాకిట్లో దిగింది. సుభాషిణి గారు స్థలం పొడవు ముక్కు దగ్గర నుంచి మొదలుపెట్టమన్నారు. తోకని కలపాలా వద్దా అన్న దాని మీద చర్చ జరిగింది. తోక ఊగుతోంది గనక అది సరిహద్దు వివాదం కిందికి వస్తుందని పక్కన పెట్టారు.

"వృక్షసంపద సాంద్రత ఎంతుందో చూడాలి," అని సుభాషిణి గారు ఉత్త చేత్తో సున్నుండ వీపు నిమిరారు.

"అమ్మా, వద్దండీ!" అని భూలక్ష్మి అరిచింది.

"సాంద్రత బాగుంది," అన్నారావిడ. కమిషనరు గారు కూడా నిమిరి, బాగుందని ధ్రువీకరించారు. నూకరాజు పైవాళ్ళు ముట్టుకున్నదాన్ని తను ముట్టుకోకపోతే బాగుండదని రెండు చేతులతోనూ ముట్టుకున్నాడు.

కాసేపటికి ముగ్గురి మొహాలూ మారాయి. కమిషనరు గారు ఫైలు అంచుతో మోచెయ్యి రాసుకున్నారు. సుభాషిణి గారు చేతిని చీర కొంగులో దాచుకుని, కొంగు లోపల ఏం చేశారో మనకి అనవసరం. భూలక్ష్మికి జాలి వేసింది.

"పేడ కలిపే ఉందండీ. రాసుకోండి."

"తొలగించరాదు," అన్నారు కమిషనరు గారు పళ్ళు బిగించి. "మేమే తొలగిస్తే ప్రజలకేం చెబుతాం?"

నిజానికి ఆ మాటకి నాకు ఆయన మీద గౌరవం కలిగింది. ఎదటివాడికి పెట్టిన గడ్డి తను కూడా తినే అధికారి దొరకడం కష్టం. అయితే ఆయన తింటే నా కుక్కకి దురద తగ్గదు కదా అని కూడా అనిపించింది.

వెళ్ళబోతూ సుభాషిణి గారు ఆగిపోయారు. ఆవిడ చూపు సున్నుండ మీద నిలిచింది. వాడు దురద భరించలేక వాకిట్లోంచి వీధిలోకి, వీధిలోంచి పక్క వీధిలోకి పరుగులు పెడుతున్నాడు.

"సార్, ఈ వనం కదులుతోంది."

"అయితే?"

"ఏ వార్డులోకి వెళితే ఆ వార్డులో పచ్చదనం పెరిగినట్టే కదండీ. కిరీటం కమిటీ వాళ్ళు వార్డుల వారీగా లెక్క చూస్తారు. మనకి చెట్టు లేని వార్డులున్నాయి. కుక్క వెళ్ళని వార్డు లేదు."

కమిషనరు గారు గోక్కోవడం మర్చిపోయారు. రెండు చేతులూ జోడించి సున్నుండ వైపు చూశారు. రాష్ట్రంలో మరే పట్టణానికీ లేని సంచార వనం తమ పట్టణానికి లభించిందని అక్కడికక్కడే ప్రకటించారు. మర్నాడు కిరీటం కమిటీ అధ్యక్షులు వస్తున్నారు గనక, వారి సమక్షంలో సున్నుండకి పౌర సన్మానం చెయ్యాలని నిశ్చయించారు.

"మా వాడికి సన్మానం వద్దండీ, స్నానం చాలు," అంది భూలక్ష్మి.

"సన్మానం అయ్యాక స్నానం విషయం సానుభూతితో పరిశీలిస్తాం," అన్నారు కమిషనరు గారు.

ఆ 'పరిశీలిస్తాం' పట్టుకుని నేను ఒప్పుకున్నాను. ఫ్లెక్సీ కూడా నన్నే వెయ్యమన్నారు. 'సంచార వనమూర్తి శ్రీ సున్నుండ గారికి హృదయపూర్వక స్వాగతం' అని ఆకుపచ్చ అక్షరాలతో వేశాను. మా దగ్గర ఫ్లెక్సీ మీద ఎవరికైనా నల్లకళ్ళద్దాలు పెడితేగాని నాయకుడిలా కనిపించడు, కాబట్టి వాడికీ పెట్టాను. వాడు మాత్రం నా కుర్చీ కింద వణుకుతూ మేజోళ్ళు కొరుక్కుంటున్నాడు. చెవి వెనక పుండు పచ్చిగా ఉంది. ఆ పని చేస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

సభ మైదానంలో జరిగింది. పక్కనే పాలవాళ్ళ గేదెల పాక. ఊడవకుండా వదిలేసిన ఆకుల్లో కుర్చీలు సగం కూరుకుపోయి ఉన్నాయి. అధ్యక్షుల వారు వచ్చి, ఆ ఆకుల్ని చూసి చాలా ముచ్చటపడ్డారు.

ఇక్కడ మా సంఘం సన్మానాల పద్ధతి గురించి చెప్పాలి. సంఘానికి ఉన్న మంచి శాలువా ఒక్కటే. దాన్ని పెద్దాయనకి కప్పుతారు, ఫోటో తీస్తారు. ఆయన కుర్చీలో కూర్చోగానే వెనక నుంచి ఒకరు వచ్చి, "ఉక్కగా ఉంది కదండీ, ఇలా ఇప్పించండి," అని వినయంగా తీసుకుని, మడత పెట్టి, తర్వాతి పెద్దాయనకి పళ్ళెంలో పెట్టి తెస్తారు. ఊళ్ళో ప్రముఖులందరూ ఆ ఒక్క శాలువాతోనే ప్రముఖులయ్యారు. మర్యాదస్తులు గనక ఎవరూ అడగలేదు.

మామూలుగా ముందు అధ్యక్షుల వారికే కప్పాలి. కానీ సున్నుండ ఒకచోట నిలబడడు గనక, వాడి కార్యక్రమం ముందు కానిచ్చేశారు. కమిషనరు గారు స్వయంగా శాలువా కప్పి, ఫోటోలో బాగా కనిపించాలని ఒంటికి అదిమి పట్టుకున్నారు. సున్నుండకి ప్రాణం లేచొచ్చింది. ఒళ్ళు రాసుకోవడానికి అంత మెత్తటి వస్తువు వాడికి అంతవరకు దొరకలేదు. శాలువాలో దొర్లాడు. ఇటు తిరిగి దొర్లాడు, అటు తిరిగి దొర్లాడు. జనం ఈలలు వేశారు.

తర్వాత నూకరాజు శాలువా తీసి, మడత పెట్టి, పళ్ళెంలో పెట్టాడు. పద్ధతి ప్రకారం అది అధ్యక్షుల వారి భుజాల మీదకి వెళ్ళింది. ఆయన పెద్దమనిషి, మెడ చుట్టూ నిండుగా కప్పుకుని మైకు దగ్గరికి వచ్చారు.

"సోదర సోదరీమణులారా! పచ్చదనం మన ఒంటికి పట్టాలి," అని మొదలుపెట్టారు. మెడ ఒకసారి తిప్పారు. "మన రక్తంలోకి ఇంకాలి!" భుజం ఎగరేశారు. "అణువణువునా..." అంటూ రెండు చేతులూ వీపు వెనక్కి పోనిచ్చారు. అంత ఆవేశంగా మాట్లాడే వక్తని మా ఊరు చూడలేదు. ప్రతి విసురుకీ చప్పట్లే. ఆయన లాల్చీ విప్పేసినప్పుడు చప్పట్లు మిన్నంటాయి.

"దూలగొండి రా బాబో!" అన్నారాయన మైకులోనే. "పేడ! పేడ తెండి ఎవరన్నా!"

నూకరాజు ఈల ఊదాడు. "తియ్యకూడదండి! ఎవరూ, ఏ కారణం చేతనూ! తీత్తే స్థలం స్వాధీనం చేసుకోవాలండి!"

అధ్యక్షుల వారిని రేకుల షెడ్డులో పెట్టడం ఎలాగో తెలియక సభ మొత్తం కమిషనరు గారి వైపు చూసింది. అధ్యక్షుల వారు వేదిక స్తంభానికి వీపు రాసుకుంటూ, ఇంకో నిమిషం ఆలస్యమైతే కిరీటం సంగతి అటుంచి పురపాలక సంఘమే ఉండదన్నారు. పాలకవర్గం అక్కడే, నిలబడే, అత్యవసరంగా సమావేశమైంది. నా కుక్క గురించి 'పరిశీలిస్తాం' అన్నవాళ్ళు ఆయన గురించి పరిశీలించడానికి కుర్చీలు కూడా వేసుకోలేదు.

ఒక మనిషి పేరు పెట్టి మినహాయింపు ఇస్తే పక్షపాతం అవుతుందని సుభాషిణి గారు గుర్తుచేశారు. అందుకని కమిషనరు గారు తల గోక్కుంటూ, గౌరవంగా, అందరికీ వర్తించేలా చెప్పి రాయించారు.

"పురపాలక వేదిక మీద, సంఘం వారి శాలువా కప్పించుకున్న ప్రముఖులకు మాత్రం పై నిబంధన నుంచి మినహాయింపు కలదు."

పాలవాళ్ళ పాక నుంచి బకెట్లతో పేడ వచ్చింది. వేదిక వెనక అధ్యక్షుల వారికి నిలువెల్లా పట్టించారు. ఆయన కళ్ళు మూసుకుని హాయిగా మూలిగారు.

నేనింకా నోరు తెరుచుకుని చూస్తున్నాను. భూలక్ష్మి అప్పటికే చేతులకి ఫ్లెక్సీ ముక్కలు చుట్టుకుని, సున్నుండని ఎత్తుకుని రెండో బకెట్టు దగ్గరికి నడిచింది.

"ఏవమ్మా, ఏంటది?" అన్నారు కమిషనరు గారు.

"మా వాడికి రాత్తానండి."

"అధ్యక్షుల వారికిచ్చిన మినహాయింపమ్మా అది! అది కుక్క!"

"మావాడికి శాలువా మీ చేత్తోనే కప్పారు కదండీ? ఆయన కంటే ముందే కప్పారు. ఫోటోలున్నాయి. ఊరంతా సంచార వనమూర్తి గారని ఫ్లెక్సీలున్నాయి. ఇంతకంటే ప్రముఖుడు ఎలాగుంటాడండి?"

కమిషనరు గారు సుభాషిణి గారి వైపు చూశారు. ఆవిడ కొంగులో చెయ్యి పెట్టుకుని, రాయించిన కాగితం ఇంకోసారి చదివారు.

"వర్తిస్తుంది సార్," అన్నారు చివరికి.

భూలక్ష్మి ముక్కు కొన నుంచి తోక దాకా పేడ పట్టించింది. చెవి వెనక పుండు మీద పడకుండా నేను ఫ్లెక్సీ ముక్క అడ్డం పెట్టాను. ఎండలో ఆరేదాకా ఇద్దరం వాణ్ణి పట్టుకుని కూర్చున్నాం. పెచ్చులుగా ఊడదీస్తుంటే వాడు కదలకుండా నిలబడ్డాడు. పాకలో కుళాయి కింద సబ్బునీళ్ళతో కడిగితే మళ్ళీ మినప్పిండి రంగు బయటికి వచ్చింది. ఒళ్ళు ఒకసారి దులుపుకుని, నా ఒళ్ళో తల పెట్టి, రెండు రోజుల నిద్ర అక్కడే మొదలుపెట్టాడు. నాకు ఏడుపు వచ్చింది. భూలక్ష్మికి కూడా వచ్చింది గానీ తను పేడ చేతులతో ఉంది, కళ్ళు తుడుచుకోలేదు.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ ముట్టుకున్నవాళ్ళ సంగతి మిగిలే ఉంది. కమిషనరు గారు, సుభాషిణి గారు, నూకరాజు, ఇంకా శాలువా మడత పెట్టినవాళ్ళు, పళ్ళెం పట్టుకున్నవాళ్ళు, అధ్యక్షుల వారిని కౌగిలించుకుని ఫోటో దిగినవాళ్ళు, అందరూ దురదతో మిగిలారు. వాళ్ళకెవరికీ శాలువా కప్పలేదు. కప్పించుకోనివాడు కడుక్కోకూడదు.

ఇంకో రెండు రోజులు వాళ్ళు నిష్ఠగా ఓర్చుకున్నారు. ఆ తర్వాత సంఘం ఉద్యోగులందరికీ పౌర సన్మాన మహోత్సవం ప్రకటించారు. ఫ్లెక్సీలు నేనే వేశాను, నల్లకళ్ళద్దాలతో సహా. మైదానంలో పొడవాటి వరస. వరస చివర పేడ బకెట్లు. శాలువా మాత్రం అదే. దాన్ని ఉతికి తెద్దామని ఎవరో అన్నారట గానీ, శాలువాకి ఎవరూ శాలువా కప్పలేదు గనక ఆ నూగు తొలగించే వీల్లేదని తేలింది. అంచేత ఎక్కడో కాస్త చేతికి అంటినవాళ్ళు కూడా కడుక్కునే అర్హత కోసం మెడ నిండా దూలగొండి కప్పించుకుంటున్నారు.

దక్షిణామూర్తి గారు వరసలో ముందున్నారు. నాకు ఉండబట్టలేదు.

"అయ్యా, ఇంత బాధ ఎందుకండీ? ఆ నిబంధన కొట్టేస్తే సరిపోయేది కదా."

ఆయన నా వైపు జాలిగా చూశారు. పాపం, మెడంతా ఎర్రగా కందిపోయింది.

"కిరీటం మనకే వచ్చింది బుల్లబ్బాయి గారూ. ఆ నిబంధన చూసే ఇచ్చారట. పొద్దున్నే కబురొచ్చింది," అని, తల వంచి శాలువా కప్పించుకున్నారు.